బ్యాటరీ పోతే కూలిలో కోతా?

వరి కోతల రోజుల్లో ట్రాక్టరు ఒక్క పూట ఆగిందంటే దాని వెంట ఎన్ని చేతులు ఆగిపోతాయో ఊళ్లో అందరికీ తెలుసు. డ్రైవరు ఖాళీ. బస్తాలెత్తే హమాలీలు ఖాళీ. కల్లంలో ధాన్యం పోసుకుని మబ్బు వంక చూస్తున్న కౌలు రైతుకు కంటి మీద కునుకుండదు. అయినా రాత్రికి రాత్రి బ్యాటరీ మాయమైతే లెక్క కట్టేది బ్యాటరీ ధర ఒక్కటే. కూలోళ్లు పోగొట్టుకున్న పనిదినాలను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పైగా మొదటి అనుమానం వాళ్ల మీదే! "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అంటూ జీతానికున్న డ్రైవరు వైపు చూపిస్తారు. ఆ సొమ్ము అతని జీతంలోంచి విరగ్గొసే యజమానులూ ఉన్నారు.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతాల్లో వరి సాగు పెరిగింది. క్రమంగా ఎడ్లబండి పోయి ట్రాక్టరు వచ్చింది. ఎడ్లనైతే పొద్దుగూకగానే కొట్టంలో కట్టేసుకునేవాళ్లు. ట్రాక్టరు పొలం గట్టునో, రోడ్డు పక్కనో ఉంటుంది. ధాన్యం బండ్లు కొనుగోలు కేంద్రాల దగ్గర, మిల్లుల ముందు దిగుమతి కోసం బారులు తీరుతాయి. హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగానే పోతుంది. చీకట్లో ఆగిన బండి, అలసి నిద్రపోయిన డ్రైవరు, దగ్గర్లోనే పెద్ద రోడ్డు. దొంగకు ఇంకేం కావాలి?

బండి మొత్తాన్ని అమ్మడం కష్టం. దానికి నంబరుంది, కాగితాలున్నాయి. విడి భాగానికి అవేవీ ఉండవు. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. కరిగించాక అది ఎవరిదో చెప్పగలవాడెవడు? ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. పొగగొట్టంలో పొగను శుద్ధి చేసే భాగంలో ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాలుంటాయి. వాటి ధరలు పెరిగినప్పుడు అమెరికాలో కార్ల కింద దూరి ఆ భాగాన్ని కోసుకుపోయే దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. గుజరాత్, మహారాష్ట్రల్లో ఈకో వ్యాన్ల సైలెన్సర్లకూ అదే గతి పట్టింది.

దీన్నిబట్టి తేలేది ఒకటే. కొనేవాడున్నంత కాలం దొంగ ఉంటాడు. ఇంగ్లండులో 2013లో చేసిన తుక్కు వ్యాపారుల చట్టం తుక్కుకు నగదు ఇవ్వడాన్ని నిషేధించింది, అమ్మేవాడి పేరూ చిరునామా రూఢి చేసుకోవాలంది. మన దగ్గరా చట్టం లేకపోలేదు. దొంగసొత్తని తెలిసి కొన్నవాడికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు. అదే వ్యాపారంగా పెట్టుకున్నవాడికి పదేళ్ల దాకా, లేదా యావజ్జీవం. కానీ జరుగుతున్నదేమిటి? దొరికితే చిల్లర దొంగ దొరుకుతాడు. కొన్నవాడు దుకాణం తెరుచుకుని దర్జాగా కూర్చుంటాడు.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోలేం. బ్యాటరీ పెట్టె చుట్టూ ఇనుప పట్టీ బిగించి తాళం వేయించాలి. వెల్డింగు చేయించే ముందు బ్యాటరీ తీసి దూరంగా పెట్టాలి, లేకుంటే పేలే ప్రమాదముంది. డీజిలు ట్యాంకు మూతకు తాళం, స్టెప్నీ టైరుకు గొలుసు ఉండాలి. బ్యాటరీ ఉన్న పక్క గోడకు ఆనేట్టు బండి నిలపాలి. బ్యాటరీ మీద, జాకీ మీద, ట్రక్కు మీద చెరగకుండా బండి నంబరు చెక్కించాలి. కొన్న బిల్లు, బ్యాటరీ మీది నంబరు ఇంట్లో భద్రంగా ఉంచాలి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగితే లాభం లేదు.

బిల్లు ఎందుకంటే, కొత్త చట్టంలో ఒక మెలిక ఉంది. పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపుండి, దొంగకు అదే మొదటి నేరమైతే పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయరాదు. పాత బ్యాటరీ విలువ తగ్గించి చెప్పి పంపించేసే వీలుంది. కాబట్టి బిల్లు చేతబట్టుకుని నలుగురూ కలిసి స్టేషనుకు పోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాసి పంపవచ్చు. థర్డ్ పార్టీ బీమా దొంగతనానికి పనికిరాదు. ఫుల్ బీమా ఉన్నా విడి భాగాల మాట ఏమని రాసి ఉందో చదువొచ్చినవాళ్ల చేత ముందే చదివించుకోవాలి.

ఇక డ్రైవరు జీతం సంగతి. అప్పగించిన వస్తువు పోయినంత మాత్రాన కోత పెట్టే హక్కు యజమానికి లేదు. నష్టం నేరుగా కార్మికుని నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ముందుగా ఇవ్వాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ఇదే చెప్పింది. కార్మిక సంఘాల వ్యతిరేకత మధ్య 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన వేతనాల కోడ్ కూడా ఈ సూత్రాన్ని తీసెయ్యలేదు. పగలంతా బండి తోలినవాడు రాత్రి నిద్రపోవడం నిర్లక్ష్యం కాదు. రాత్రి కాపలా కావాలంటే అది వేరే పని. దానికి వేరే కూలి కట్టివ్వాలి.

అందుకే గ్రామాల్లో వ్యవసాయ కార్మికులు, డ్రైవర్లు, హమాలీలు, కౌలు రైతులు సీజను మొదలుకాకముందే కూర్చుని మాట్లాడుకోవాలి. బండ్లన్నీ ఒకేచోట వెలుతురులో నిలిపి, యజమానులు తలా ఇంత వేసి కాపలాకు కూలి ఇచ్చే ఏర్పాటు చేయించాలి. కొనుగోలు కేంద్రాల దగ్గర, మిల్లుల దగ్గర దీపాలు, కాపలా పెట్టాలని, వచ్చిన ధాన్యం వచ్చినట్టే దింపుకోవాలని అధికారులను నిలదీయాలి. పాత సామాన్ల దుకాణాల్లో ఎవరు ఏం అమ్మారో పుస్తకంలో రాయించాలని, ఆ పుస్తకాలను పోలీసులు తనిఖీ చేయాలని డిమాండు చేయాలి. రుజువు లేకుండా కూలివాడి మీద దొంగ ముద్ర వేస్తే ఊరుకోరాదు. బండి యజమానిదే కావచ్చు. అది తిరిగితేనే పదిమంది పొయ్యి వెలుగుతుంది. ఆ పదిమందీ ఒక్కటైతే బండీ నిలుస్తుంది, కూలీ నిలుస్తుంది.