పరదేశి చూపు

దేశాటనం విద్యలో ఒక భాగమని మన పెద్దలు భావించారు. గ్రంథాలలో దొరకని విషయాలు అనేకం ప్రయాణంలో తెలుస్తాయి. అయితే బంధుమిత్రులతో కలిసి చేసే ప్రయాణం వేరు, ఏకాకిగా పరదేశంలో చేసే ప్రయాణం వేరు. తనవారు వెంట ఉన్నప్పుడు మనిషి తన భాషనూ, భోజనాన్నీ, అలవాట్లనూ కూడా వెంట తీసుకొనిపోతాడు. ఒంటరిగా వెళ్ళినవానికి ఆ ఆసరా ఉండదు. ఎలా కూర్చోవాలి, ఎలా తినాలి, ఎదుటివారిని ఎలా పలకరించాలి అనే చిన్న విషయాలను సైతం అతడు చూసి నేర్చుకోవలసి వస్తుంది. అందువల్లనే అతని చూపు నిశితమవుతుంది.

అటువంటి చూపుతో మన దేశాన్ని పరిశీలించినవారిలో చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ముఖ్యుడు. బౌద్ధ ధర్మ గ్రంథాలను వాటి పుట్టినచోటనే చదువుకోవాలనే కోరికతో ఆయన క్రీ.శ. 629 ప్రాంతంలో స్వదేశాన్ని విడిచాడు. దేశపు సరిహద్దు దాటటానికి ఆయనకు చక్రవర్తి అనుమతి లభించలేదు. రహస్యంగా బయలుదేరాడు. దారి చూపటానికి వచ్చినవాడు మధ్యలోనే వెనుదిరిగాడు. ఎడారిలో నీటితిత్తి చేజారి, నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు గొంతు తడుపుకోవటానికి చుక్క నీరు లేకుండా ఒక ముసలి గుర్రంతో ముందుకు సాగాడు. ఆ తరువాత కొందరు రాజులు ఆయనను ఆదరించి సహాయకులను ఇచ్చారు. కాని తొలి అడుగులు మాత్రం ఒంటరివే. 645లో 657 గ్రంథాలతో ఆయన తిరిగి చైనా చేరాడు. మరుసటి సంవత్సరమే ఆయన యాత్రా వృత్తాంతం గ్రంథరూపం దాల్చింది.

ఈ యాత్రలో ఏలూరు ప్రాంతానికి కూడా స్థానం ఉంది. దక్షిణ కోసలం నుండి హుయాన్‌త్సాంగ్ 639 ప్రాంతంలో ఆంధ్రదేశానికి వచ్చాడు. ఈ దేశపు రాజధానిని ఆయన ‘పింగ్‌కిలో’ అని పేర్కొన్నాడు. అది వేంగీ నగరమని చరిత్రకారులు గుర్తించారు. ఏలూరుకు ఉత్తరాన కొద్ది దూరంలో ఉన్న నేటి పెదవేగియే ఆనాటి వేంగి.

హుయాన్‌త్సాంగ్ రాజులను గురించీ, విహారాలను గురించీ మాత్రమే వ్రాసి ఉంటే ఆయన గ్రంథానికి ఇంత విలువ ఉండేది కాదు. భారతీయుల నిత్యజీవితాన్ని గురించి ఆయన ఒక ప్రత్యేక భాగం వ్రాశాడు. ఇక్కడివారు భోజనానికి ముందు తప్పక శుభ్రపడతారనీ, మిగిలిన అన్నాన్ని మరల వడ్డించరనీ, మట్టిపాత్రలనూ, కొయ్యపాత్రలనూ వాడిన తరువాత పారవేస్తారనీ, లోహపాత్రలను తోమి మెరుగుపెడతారనీ తెలిపాడు. భోజనమైన పిదప పలుపుల్లతో నోరు శుభ్రం చేసుకుంటారనీ, ఆ పని ముగిసేవరకు ఒకరినొకరు తాకరనీ గమనించాడు. చేతితోనే తింటారని చెప్పాడు. వస్త్రాలను కత్తిరించి కుట్టక, ఒంటికి చుట్టుకుంటారని వర్ణించాడు. పలకరింపు మొదలుకొని సాష్టాంగ నమస్కారం వరకు గౌరవాన్ని తెలిపే తొమ్మిది పద్ధతులను లెక్కించాడు. నేలను ఆవుపేడతో అలికి, ఆ ఋతువులో పూచే పూలు చల్లుతారనీ, ఈ విషయంలో వారికీ, తమకూ భేదం ఉన్నదనీ వ్రాశాడు.

ఈ వివరాలు మొత్తం దేశానికి సంబంధించినవే కాని వేంగికి మాత్రమే చెందినవి కావు. అయినా వీటిలో మన ముంగిళ్ళు, మన పంక్తిభోజనాలు కనిపించక మానవు. రోజూ పేడతో అలికే ఇల్లాలికి అందులో విశేషం ఏమీ తోచదు. దానిని వ్రాసిపెట్టవలసిన అవసరం ఉన్నదని ఆనాటి మన పండితులకూ అంతగా తోచలేదు. తన ఇంట లేనిది ఇక్కడ చూశాడు కనుక పరదేశి దానిని వ్రాశాడు. భేదమే అతని చేత కలం పట్టించింది.

కొల్లేటి సీమను చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఆ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు నీరు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. లంక గ్రామంలో పెరిగిన బాలునికి తాటిదోనెపై సాగిపోవటం వీధిలో నడిచినంత సహజం. ఆటపాకకు వచ్చిన పరదేశి గూడబాతులను చూసి విస్తుపోతే, ఆ బాలుడు విస్తుపోతున్న పరదేశిని చూసి విస్తుపోతాడు. తనకు మామూలైనది ఇతరులకు వింత అని తెలిసిన ఆ క్షణంలోనే అతడు తన ఊరిని మొదటిసారి చూస్తాడు.

అయితే పరదేశి చూపుకు పరిమితులు కూడా ఉన్నాయి. ఆంధ్రదేశం సారవంతమైనదనీ, ఇక్కడి భాష మధ్యదేశపు భాష కంటె భిన్నమైనదనీ, లిపి మాత్రం చాలావరకు దానిని పోలి ఉన్నదనీ హుయాన్‌త్సాంగ్ వ్రాశాడు. ఇవి చూసి చెప్పిన మాటలు. దానితోపాటు ఇక్కడి ప్రజలు ఉగ్రస్వభావులని కూడా అన్నాడు. ఇది తీర్పు. ఆయన రాకకు కొన్ని సంవత్సరాల ముందే ఈ నేలపై యుద్ధం జరిగింది. 634 నాటి ఐహోళె శాసనం రెండవ పులకేశి విజయాలను కీర్తిస్తూ, కునాళ సరస్సు నీరు రక్తంతో ఎరుపెక్కినదని వర్ణించింది. కునాళమంటే కొల్లేరేనని పండితుల అభిప్రాయం. యుద్ధం చూసిన జనులలో కాఠిన్యం కనిపించి ఉంటే అది వారి స్వభావమో, ఆ కాలపు గాయమో దారిన పోయే యాత్రికుడు తేల్చి చెప్పగలడా? పలుపుల్లను గురించి ఆయన చెప్పినది నేటికీ నమ్మదగినదిగా ఉంది. స్వభావాన్ని గురించి చెప్పిన ఒక్క మాట మాత్రం సందేహానికి తావిస్తుంది.

నేడు ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాల నుండి యువతీయువకులు చదువుకోసం, ఉద్యోగం కోసం ఒంటరిగా విదేశాలకు వెళుతున్నారు. అమెరికాలో వాహనాలు రహదారికి కుడివైపున నడుస్తాయి. చిన్న సాయానికి కూడా అక్కడివారు కృతజ్ఞత చెబుతారు. మనవారు ఆ భావాన్ని చాలాసార్లు చూపుతోనో, చిరునవ్వుతోనో తెలుపుతారు. జపానులో మనవలెనే పాదరక్షలు వాకిట విడిచి ఇంట్లోకి వెళతారు. కాని గిన్నెలోని అన్నంలో పుల్లలను నిలువుగా గుచ్చటం అక్కడ అశుభం. అది మరణించినవారికి అన్నం పెట్టే పద్ధతి. అక్కడి నుండి వచ్చినవారికి మన మాటలూ అంతే వింతగా తోస్తాయి. వెళ్ళిపోతూ ‘వెళ్ళొస్తాను’ అనటం, ముక్కుమొగం తెలియనివారిని ‘అన్నా’, ‘అక్కా’ అని పిలవటం, కనబడగానే ‘భోజనం చేశారా?’ అని అడగటం వారికి ఆశ్చర్యం కలిగిస్తాయి.

గోదావరి జిల్లాల నుండి ఎందరో స్త్రీలు ఇంటిపనికై కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు ఒంటరిగా వెళ్ళారు. ఇప్పటికీ వెళుతున్నారు. వారికి ఆచారభేదాలను గమనించటం వినోదం కాదు. ఏ మాటను ఎలా పలకాలి, ఏ వేళ ఎలా మెలగాలి అనే ఎరుకపై వారి గౌరవం, బ్రతుకుతెరువు ఆధారపడి ఉంటాయి. అయితే ఇక్కడొక వివేకం అవసరం. ఆచారం వేరు, అన్యాయం వేరు. శుక్రవారం సెలవు కావటం ఆ దేశపు ఆచారం. జీతం ఇవ్వకపోవటం, పాసుపోర్టు లాగుకోవటం ఏ దేశపు ఆచారమూ కాదు. మొదటిదానికి అలవాటు పడాలి. రెండవదానిని సహించక భారత రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించాలి.

కావున ఒంటరిగా పరదేశానికి వెళ్ళేవారు ముందు చూడాలి, తరువాత అడగాలి, తీర్పును వీలైనంత ఆలస్యం చేయాలి. ‘వీరు ఇలాంటివారు’ అని తేల్చివేసే ముందు ‘వీరు ఇలా ఎందుకు చేస్తారు?’ అని ప్రశ్నించుకోవాలి. ఆ ప్రశ్న అంతటితో ఆగదు. ‘మేము ఎందుకు అలా చేస్తున్నాము?’ అనే మరొక ప్రశ్నను వెంటబెట్టుకొని వస్తుంది. ఇతరులను అర్థం చేసుకోవటానికీ, తన్ను తాను తెలుసుకోవటానికీ అదే తొలి మెట్టు.