జీతం కొలిచే కుంచం

బీఎస్సీ నర్సింగ్ ఆఖరి ఏడాది పిల్లలు నలుగురు ఒకచోట చేరితే, మాటలు ఎటు తిరిగినా చివరికి ఒక్క దగ్గరికే వస్తాయి. "అక్కడ ఎంతటే?" ఒకతి జర్మనీ అంటుంది, ఇంకొకతి దుబాయ్, మరొకతి లండన్. వెంటనే ఫోన్ తీసి డాలర్నో పౌండునో రూపాయల్లోకి గుణించేస్తారు. వచ్చిన అంకె చూసి ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. అమ్మడూ, నీ గుణకారంలో తప్పేం లేదు. కాకపోతే అది సగం లెక్క. మిగతా సగం ఈ తాతయ్య చెబుతాడు, విను.

మా చిన్నతనంలో ధాన్యం కుంచాలతో కొలిచేవాళ్లు. మా ఊరి కుంచం వేరు, అవతలి తాలూకా కుంచం వేరు. కౌలు ఇన్ని కుంచాలని మాట అనుకునే ముందు, ఏ ఊరి కుంచమో తేలందే మా నాయన తల ఊపేవాడు కాదు. 1956లో చట్టం వచ్చి కిలోలూ లీటర్లూ అలవాటయ్యాక ఆ పేచీ తీరింది. డబ్బుకి మాత్రం అలాంటి చట్టం ఇంకా రాలేదు. నర్సీపట్నంలో రూపాయి కొలిచేది వేరు, గచ్చిబౌలిలో కొలిచేది వేరు. బియ్యం ధర రెండుచోట్లా పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే బియ్యం లారీ ఎక్కి వస్తాయి. అద్దె ఇల్లు లారీ ఎక్కదు. క్షౌరం, పిల్లల ఫీజు, పనిమనిషి జీతం, ఇవీ అంతే. ఊరికీ ఊరికీ తేడా అంతా ఈ కదలని వాటిలోనే ఉంటుంది.

దేశాల మధ్య ఈ తేడాని పట్టుకోవడానికి 1968లో ఒక పెద్ద పని మొదలైంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఇర్వింగ్ క్రావిస్ అనే ఆర్థికవేత్త, ఐక్యరాజ్య సమితితో కలిసి, దేశదేశాల్లో ఒకే రకం సరుకుల ధరలు పక్కపక్కన పెట్టి చూడటం ప్రారంభించాడు. దాన్నుంచి వచ్చినవే ఇప్పటి కొనుగోలు శక్తి తుల్యత అంకెలు. ఆ లెక్కన అమెరికాలో ఒక డాలరు పెట్టి కొనేంత సరుకూ సేవా మన దేశంలో సుమారు 20 రూపాయలకే దొరుకుతుంది. బ్యాంకువాడు మాత్రం డాలరుకి నాలుగింతల రూపాయలిస్తాడు. ది ఎకనామిస్ట్ పత్రిక 1986 నుంచి ఇదే సంగతిని బర్గర్ ధరతో తేలిగ్గా చెప్పుకొస్తోంది. మన దగ్గర మెక్‌డొనాల్డ్స్ గొడ్డుమాంసం బర్గర్ అమ్మదు కాబట్టి వాళ్లు కోడిమాంసం మహారాజా మ్యాక్‌తో సరిపెట్టుకున్నారు. శాస్త్రానికి కూడా అప్పుడప్పుడు మన తిండి అలవాట్లకి తలొగ్గక తప్పదు!

ఇక్కడ నీకు పనికొచ్చే మెలిక ఒకటుంది. అక్కడే సంపాదించి అక్కడే ఖర్చు పెట్టే డబ్బుకి ఈ 20 రూపాయల లెక్క వర్తిస్తుంది. ఇంటికి పంపే డబ్బుకి వర్తించదు, దానికి బ్యాంకు రేటే. అంటే నీకొచ్చేది ఒక జీతం కాదు, రెండు. నువ్వు అక్కడ తినేది ఒకటి, మీ అమ్మ ఖాతాలో పడేది ఒకటి. గల్ఫ్ ఆసుపత్రుల్లో జీతం ఐరోపా కంటే తక్కువైనా కేరళ అమ్మాయిలు దశాబ్దాలుగా అటే ఎందుకు వెళ్లారో ఇందులో ఉంది. చాలా ఆసుపత్రులు ఉండటానికి గది ఇస్తాయి, జీతం మీద ఆదాయపు పన్ను లేదు. అద్దె, పన్ను అనే రెండు పెద్ద నోళ్లు మూతపడితే జీతంలో ఎక్కువ భాగం రెండో లెక్కలోకి పోతుంది. లండన్లో ఇంకాస్త పెద్ద జీతం తీసుకునే పిల్లకి మొదటి లెక్కలోనే అంతా కరిగిపోవచ్చు.

సరే, దేశాలు వదిలేద్దాం. ఒకే దేశంలో, ఒకే కరెన్సీలో చూద్దాం. అమెరికా కార్మిక గణాంక శాఖ 2022 మే లెక్కల ప్రకారం రిజిస్టర్డ్ నర్సు సగటు వార్షిక జీతం కాలిఫోర్నియాలో 1,33,340 డాలర్లు, సౌత్ డకోటాలో 64,500. రెట్టింపు పైనే. చదువు ఒకటే, లైసెన్సుకి రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష ఒకటే, సూది గుచ్చేది అదే నరంలోకి.

ఇది వినగానే ఎవరైనా ఒక మాట అంటారు: కాలిఫోర్నియాలో అద్దెలు మండిపోతాయి, చివరికి ఇద్దరికీ మిగిలేది సమానమే అని. చూద్దాం. అదే ప్రభుత్వంలో ఇంకో శాఖ రాష్ట్రాల ధరల స్థాయిని కొలుస్తుంది. దేశ సగటు 100 అనుకుంటే ఆ ఏడాది కాలిఫోర్నియా 112 దగ్గర, సౌత్ డకోటా 88 దగ్గర ఉన్నాయి. జీతాన్ని దాంతో భాగించు. కాలిఫోర్నియా నర్సుకి 1,19,000 వస్తుంది, సౌత్ డకోటా నర్సుకి 73,000. తేడా తగ్గింది, పోలేదు. ఇంకా ఒకటిన్నర రెట్లకు పైనే. సౌత్ డకోటాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, అదీ కలుపుకుంటే మరికొంచెం తగ్గుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో నడిబొడ్డున ఇల్లు వెతుక్కునే నర్సుకి రాష్ట్ర సగటు పెద్దగా ఊరట కాదు, అదీ నిజమే. అయినా ధరలు మొత్తం తేడాకి సంజాయిషీ చెప్పలేవు.

మరి మిగిలిన తేడా ఎక్కడిది? కొంత నర్సులు కొట్లాడి తెచ్చుకున్నది. అక్కడ నర్సుల సంఘాలు బలమైనవి. ఒక నర్సుకి ఇంతమందికి మించి రోగుల్ని అప్పగించకూడదని 1999లో చట్టం చేయించారు, అమెరికాలో అలాంటి రాష్ట్రం అదే మొదటిది. 2004 జనవరి నుంచి అమలైంది. ఐసీయూలో ఒక నర్సుకి ఇద్దరు, మామూలు వార్డులో మొదట ఆరుగురు, తర్వాత ఐదుగురు. ఆరు నుంచి ఐదుకి తగ్గించడాన్ని అప్పటి గవర్నరు వాయిదా వెయ్యాలని చూశాడు. ఎవరనుకున్నావ్? సినిమాల్లో టెర్మినేటర్, ఆర్నాల్డ్ ష్వార్జనెగర్. నర్సులు ఆయన ఎక్కడికెళితే అక్కడ నిరసనకి దిగారు, 2005లో కోర్టు కూడా వాళ్ల పక్షానే చెప్పింది. రోగుల సంఖ్యకి హద్దు పెడితే ఆసుపత్రికి ఎక్కువమంది నర్సులు కావాలి. పైగా చాలా రాష్ట్రాలు ఒకరి లైసెన్సు ఒకరు ఒప్పుకునే ఒప్పందంలో చేరినా కాలిఫోర్నియా చేరలేదు. కావాల్సినవాళ్లు పెరిగి, వచ్చే దారి ఇరుకైతే జీతం ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇప్పుడు ఇంగ్లండు సంగతి. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే. అక్కడ నర్సుల్లో ఎక్కువమంది ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ ఆరోగ్య సేవలో పనిచేస్తారు. జీతాల పట్టిక దేశమంతటికీ ఒకటే. 2024-25లో కొత్తగా చేరిన నర్సుకి, అంటే బ్యాండ్ 5కి, ఏడాదికి 29,970 పౌండ్లు. లండన్ నడిమధ్య పనిచేస్తే దాని మీద 20 శాతం అదనం, మొత్తం 35,964. నెలకి సుమారు 500 పౌండ్లు ఎక్కువన్నమాట. ఇంటి అద్దె చూస్తే, లండన్ సగటు ఈశాన్య ఇంగ్లండు సగటుకి దాదాపు మూడింతలు. ఆ 500 పౌండ్లు అద్దె తేడాలో సగానికి కూడా చాలవు. అందుకే అక్కడి పిల్లలు ఒక ఇంట్లో నలుగురైదుగురు సర్దుకుంటారు. పెళ్లయి పిల్లలు పుట్టాక ఆ సర్దుబాటు కుదరదు, ఊరు మారతారు లేదా ఉద్యోగం మారతారు.

మారితే ఏమవుతుంది? కారల్ ప్రాపర్, జాన్ వాన్ రీనెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ ప్రశ్న పట్టుకుని ఇంగ్లండు ఆసుపత్రుల లెక్కలన్నీ తిరగేశారు. 2010లో అచ్చయిన ఆ పరిశోధన పేరే గుండె ఝల్లుమనేలా ఉంటుంది: జీతాల నియంత్రణ మనిషిని చంపగలదా? వాళ్లు చూసింది గుండెపోటుతో అత్యవసరంగా ఆసుపత్రికి చేరినవాళ్ల మరణాలు. గుండెపోటే ఎందుకంటే, ఆ స్థితిలో ఏ ఆసుపత్రి మంచిదని విచారించే తీరిక ఎవరికీ ఉండదు, దగ్గరున్న దానికే తీసుకుపోతారు. అంచేత మంచి ఆసుపత్రికి తేలిక కేసులు, చెడ్డదానికి కష్టమైన కేసులు పోయి లెక్క చెడే ప్రమాదం తక్కువ.

తేలిందేమిటంటే, ఆసుపత్రి చుట్టుపక్కల బయటి ఉద్యోగాల జీతం 10 శాతం పెరిగిన చోట గుండెపోటు మరణాల రేటు 7 శాతం పెరిగింది. తొందరపడకు, నూటికి మరో ఏడుగురు అని కాదు దీనర్థం. మాటవరసకి నూటికి 20 మంది పోయే చోట అది 21.4 అవుతుందని. చిన్నదిలా కనబడుతుంది గాని, దేశమంతా ఏళ్ల తరబడి పోగేస్తే చిన్నది కాదు. కారణం పెద్ద మిస్టరీ ఏమీ కాదు. బయట మంచి జీతాలున్న చోట ప్రభుత్వ పట్టిక జీతానికి అనుభవమున్న నర్సు నిలవదు. ఖాళీని ఏజెన్సీ నుంచి రోజువారీ వచ్చే నర్సుతో నింపుతారు. ఆమెకి పని రాక కాదు, ఆ వార్డులో మందుల బీరువా తాళం ఎవరి దగ్గరుందో, రాత్రి డ్యూటీ డాక్టరు ఏ నంబరుకి పలుకుతాడో తెలియదు. గుండెపోటులో ఆ నాలుగు నిమిషాలే ఖరీదైనవి.

దేశమంతా ఒకే పనికి ఒకే జీతం. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! ఆ న్యాయం ఖరీదు చివరికి కట్టింది రోగి.

మన దగ్గర కేంద్ర ప్రభుత్వం ఈ సమస్యకి రెండు మందులు వాడుతుంది: డీఏ అనే కరువు భత్యం, హెచ్‌ఆర్‌ఏ అనే ఇంటి అద్దె భత్యం. డీఏ కాలానికి మందు. ధరలు పెరిగే కొద్దీ అది పెరుగుతుంది, అయితే ఊరేదైనా అదే శాతం. సిమ్లాలోని లేబర్ బ్యూరో 88 కేంద్రాల ధరలు కలిపి లెక్కగట్టే సూచీ దానికి ఆధారం. ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా బోల్తా పడతారు. ఒక ఊరి సూచీ 145, ఇంకో ఊరిది 138 అని పేపర్లో చూసి మొదటి ఊరు ఖరీదైనదనుకుంటారు. కానే కాదు. 2016లో ఏ ఊరికి ఆ ఊరిని 100 అనుకుని మొదలుపెట్టిన లెక్క అది. ఎక్కడ ఎంత పెరిగిందో చెబుతుంది గాని, ఎక్కడ ఎంత ఉందో చెప్పదు. పొట్టివాడు ఏడాదిలో మూడంగుళాలు పెరిగితే పొడుగువాణ్ని దాటేసినట్టా?

చోటుకి మందు హెచ్‌ఆర్‌ఏ. ఏడో వేతన సంఘం పట్టికలో కేంద్ర ఆసుపత్రి నర్సింగ్ ఆఫీసరు మూలవేతనం 44,900తో మొదలవుతుంది. 2024 నుంచి దాని మీద ఎక్స్ వర్గం నగరాల్లో 30 శాతం, వై వర్గంలో 20, మిగతా ఊళ్లన్నీ ఉండే జెడ్‌లో 10. హైదరాబాదు ఎక్స్, విజయవాడ, విశాఖ, వరంగల్ వై. అంటే హైదరాబాదులో 13,470, విజయవాడలో 8,980, జెడ్ వర్గంలోని చిన్న ఊళ్లో 4,490. మూడు మెట్లతో దేశాన్నంతా కొలవడం మోటు కొలతే, హైదరాబాదులోనే ఉప్పల్ అద్దె వేరు, కొండాపూర్ అద్దె వేరు. అయినా చోటుకి ఒక ధర ఉందని ఒప్పుకుంది కదా, అంతవరకూ మెచ్చుకోవాలి.

ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆ ఒప్పుకోలు కూడా లేదు. నర్సుల సంఘం వేసిన కేసులో 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రి రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 నుంచి 200 పడకలుంటే 10 శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 ఉంటే 25 శాతానికి మించి. 50 లోపు పడకలుంటే కనీసం 20,000. కమిటీ చెప్పింది ఇదీ. అమలు రాష్ట్రాలకి వదిలేశారు. కేరళలో నర్సులు రోడ్డెక్కాక 2018లో 20,000 కనీస మూలవేతనంగా ప్రకటించారు, పెద్ద ఆసుపత్రులకి పడకల సంఖ్యని బట్టి అదనపు అలవెన్సు పెట్టారు. రెండుచోట్లా పడకలే లెక్కించారు తప్ప ఊరిని లెక్కించలేదు. కూకట్‌పల్లిలో 40 పడకల నర్సింగ్ హోమ్‌కీ, కందుకూరులో 40 పడకల నర్సింగ్ హోమ్‌కీ కమిటీ చెప్పిన కనీసం ఒకటే. కందుకూరు పిల్ల అమ్మానాన్నల ఇంట్లో తిని డ్యూటీకి వెళ్లొస్తుంది. కూకట్‌పల్లి పిల్ల హాస్టల్ ఫీజు కట్టి, ఆటోకిచ్చి, మిగిలింది లెక్కబెట్టుకుని, ఐఈఎల్టీఎస్ కోచింగ్ ఎక్కడ చౌకో వాకబు చేస్తుంది.