అట్లాంటిక్ అడుగున తంతి

1858 ఆగస్టు 16న ఇంగ్లండు రాణి విక్టోరియా, అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కు పంపిన శుభాకాంక్షలు అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన కేబుల్ గుండా వెళ్లాయి. అన్నీ కలిపి వంద మాటల లోపే. అవతలి ఒడ్డున వాటిని పట్టి రాసుకునేసరికి 16 గంటలయింది. ఉత్తరం ఓడలో చేరడానికి పది రోజులు పైనే పట్టే కాలం అది. న్యూయార్క్‌లో జనం వీధుల్లోకి వచ్చి సంబరం చేసుకున్నారు. బాణసంచా నిప్పు సిటీ హాలు కప్పుకు అంటుకుంది కూడా. మూడు వారాలు తిరిగేసరికి కేబుల్ పలకడం మానేసింది.

ఆ కేబుల్ ఎందుకు చచ్చిపోయిందో తెలుసుకునే ప్రయత్నంలోనే దూరాలకు మాట పంపే విద్య శాస్త్రమయింది. అందుకే గెలిచిన కేబుల్ కంటే ఓడిపోయిన ఈ కేబుల్ మీదే నాకు ఎక్కువ ఆసక్తి.

తయారీలోనే తొందర కనిపిస్తుంది. మధ్యలో ఏడు పోగుల రాగితీగ. దానిమీద గట్టాపెర్చా పూత, అంటే మలయా అడవుల చెట్ల పాలు గడ్డకట్టగా వచ్చే పదార్థం. వేడినీళ్లలో మెత్తబడుతుంది, చల్లారితే బిగుస్తుంది, ఉప్పునీటిలో ఏళ్లతరబడి చెక్కుచెదరదు. ఆపైన తారు పట్టించిన జనపనార, అన్నిటికీ పైన ఇనపతీగల కవచం. కేబుల్‌ను రెండు కంపెనీలు చెరిసగం చేశాయి. తీరా చూస్తే ఒకరు కవచాన్ని కుడివైపు పురి తిప్పారు, ఇంకొకరు ఎడమవైపు! రెండు సగాలనూ కలిపే చోట పురి విడిపోకుండా ప్రత్యేకంగా బిగింపు చేయాల్సి వచ్చింది. పైగా తయారైన కేబుల్ కొంతకాలం ఎండలో పడి ఉంది. గట్టాపెర్చా మెత్తబడి, లోపలి రాగి నడిమధ్యనుంచి పక్కకు జరిగింది.

1857లో మొదటిసారి వేయబోతే రెండు వేల బారల లోతులో తెగిపోయింది. మరుసటి ఏడు అగమెమ్నాన్, నయాగరా అనే రెండు యుద్ధనౌకలు నడిసముద్రంలో కలుసుకుని, చెరి సగం కేబుల్‌నూ అతికి, చెరో ఒడ్డుకూ బయల్దేరాయి. ఎన్నోసార్లు తెగాక, ఆగస్టు 5కి ఐర్లండులోని వాలెన్షియా, అవతల న్యూఫౌండ్‌లాండ్ కలిశాయి.

అసలు చిక్కు అప్పుడు మొదలయింది. స్తంభాలమీద పోయే తీగలో సంకేతం చటుక్కున చేరుతుంది. నీళ్లలో మునిగిన తీగ అలా కాదు. లోపల రాగి, బయట ఇనుము, సముద్రపు నీరు, నడుమ గట్టాపెర్చా: ఇది విద్యుత్తును నిలవచేసుకునే పాత్ర అయిపోతుందని శాస్త్రవేత్త ఫారడే అప్పటికే చెప్పాడు. తూము ఎత్తగానే కాలువనీరు శివారు పొలానికి చేరదు కదా. ముందు కాలువ నిండాలి, తూము దించాక కూడా నీరు కాసేపు పారుతూనే ఉంటుంది. వెంటవెంటనే ఎత్తి దించితే శివారులో ఉన్నవాడికి ఎన్నిసార్లు ఎత్తారో తెలియదు. తంతి భాషలోని చుక్కలు, గీతలు అలాగే ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

గ్లాస్గో ప్రొఫెసర్ విలియం థామ్సన్ ఈ ఆలస్యాన్ని లెక్కకట్టాడు. తీగ పొడవు పది రెట్లయితే ఆలస్యం వంద రెట్లవుతుంది. కాబట్టి రాగి లావుగా, స్వచ్ఛంగా ఉండాలి, పూత మందంగా ఉండాలి అన్నాడు. కంపెనీ విద్యుత్ నిపుణుడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్, వృత్తిరీత్యా వైద్యుడు, ఆ సూత్రాన్ని ఒప్పుకోలేదు. సంకేతం అందకపోతే ఇంకా గట్టిగా తోయాలన్నది ఆయన పద్ధతి. పెద్ద పెద్ద ఇండక్షన్ కాయిల్స్‌తో సుమారు 2,000 వోల్టులు ఎక్కించాడు. అప్పటికే బలహీనంగా ఉన్న పూత ఆ దెబ్బకు తట్టుకోలేకపోయింది. తప్పంతా వైట్‌హౌస్ నెత్తిన రుద్దినవాళ్లు చాలామందే ఉన్నారు. నాకది న్యాయంగా తోచదు. ఆ కేబుల్ సముద్రంలో దిగేనాటికే రోగి. కానీ రోగికి ఆయన చేసిన వైద్యం మాత్రం తప్పే.

థామ్సన్ దారి వేరు. పంపేది పెంచడం కాదు, అందుకునేది సున్నితంగా ఉండాలనుకున్నాడు. పట్టుపోగుకు చిన్న అద్దం వేలాడదీసి, దాని వీపున అయస్కాంతపు ముక్కలు అంటించాడు. అన్నీ కలిపి గ్రాములో పదోవంతు బరువు. చుట్టూ తీగచుట్ట. కరెంటు ఏ కాస్త వచ్చినా అద్దం కదులుతుంది. దీపపు వెలుగు దానిమీద పడి, ఎదుటి కొలబద్దమీద చుక్కలా అటో ఇటో జరుగుతుంది. ఒకవైపు జరిగితే చుక్క, రెండోవైపు జరిగితే గీత. చీకటి గదిలో గుమాస్తా దాన్నే చూస్తూ అక్షరాలు చెబుతాడు.

చచ్చేలోగా ఆ కేబుల్ ఒక పని చేసింది, మన దేశంతో ముడిపడినది. సిపాయిల తిరుగుబాటు కారణంగా కెనడానుంచి రెండు పటాలాలను ఇంగ్లండుకు రమ్మన్నారు. ఈలోగా అవసరం తీరింది. ఆగస్టు చివర, రావద్దని కేబుల్‌లో కబురు పెట్టారు. దాంతో ప్రభుత్వానికి సుమారు 50,000 పౌండ్లు మిగిలాయి.

1865లో పట్టుబట్టి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి నాటికల్ మైలుకు రాగి 107 పౌన్లనుంచి 300 పౌన్లకు పెరిగింది. కేబులంతా ఒక్కదానిలోనే పట్టే 692 అడుగుల గ్రేట్ ఈస్టర్న్ ఓడ దొరికింది. అయినా మూడింట రెండొంతుల దారిలో కేబుల్ తెగి అడుగుకు పోయింది. 1866 జులై 27న కొత్త కేబుల్ ఒడ్డు చేరింది. ఓడ అంతటితో ఆగక వెనక్కి వెళ్లి, గాలాలు దింపి, పాతదాని కోసం వెతికింది. వాలెన్షియా గదిలో ఏడాదిగా ఆ చచ్చిన కేబుల్ తాలూకు వెలుగుచుక్కను కాపలా కాస్తూనే ఉన్నారు. సెప్టెంబరు మొదట్లో ఒక తెల్లవారుజామున అది కదిలింది. సముద్రం మధ్యనుంచి ఓడ మాట్లాడుతోంది.

ఆ పాత కేబుల్‌నూ ఒడ్డుకు చేర్చిన కొద్దిరోజులకే లాటిమర్ క్లార్క్ అనే ఇంజనీరు రెండు కేబుళ్లనూ న్యూఫౌండ్‌లాండ్ వైపు కలిపించాడు. కుట్టుపనిలో వేలికి తొడుక్కునే వెండి తొడుగు ఒకటి అడిగి తెచ్చుకుని, అందులో కాస్త ఆమ్లం పోసి, జింకు ముక్క ముంచాడు. ఆ బుల్లి బ్యాటరీతో 3,700 మైళ్లు పోయి తిరిగొచ్చేలా సంకేతం పంపాడు. అద్దం కదిలింది. 2,000 వోల్టులు చేయలేని పని ఒక వోల్టుకు అటూఇటుగా ఉన్న బ్యాటరీ చేసింది.

1870లో అదే గ్రేట్ ఈస్టర్న్ ఓడ బొంబాయినుంచి ఏడెన్‌కు కేబుల్ వేసింది. ఆ వెంటనే మద్రాసునుంచి పెనాంగ్ మీదుగా సింగపూర్‌కు ఇంకొకటి పడింది. గట్టాపెర్చా ఓడలకెక్కేది ఆ సింగపూర్ రేవులోనే. పాలకోసం అక్కడివాళ్లు చెట్టును గాటుపెట్టి వదిలేసేవారు కాదు, మొత్తం నరికేసేవారు. చెట్టుకు దొరికేది కొద్దిపాటి పదార్థమే. కేబుళ్లు పెరిగేకొద్దీ సింగపూర్ చుట్టూ అడవుల్లో ఆ జాతి దాదాపు కనుమరుగయింది. జావాలో డచ్చివాళ్లు ప్రత్యేకంగా తోటలు వేసి, ఆకులనుంచి తీసే పద్ధతి పట్టారు. 1930లలో పాలిథీన్ పుట్టి, కేబుళ్లమీదికి ఎక్కాకే ఆ చెట్టుతో పని తప్పింది.