పది పంక్తులలో ఇంగ్లీషు

భాష నేర్చుటకు మాటలు కావలెను, వ్యాకరణము కావలెను అని అందరును ఎరుగుదురు. ఈ రెండును ఎక్కడ దొరకును అన్నదే చిక్కు ప్రశ్న. మాటలు నిఘంటువులో ఉన్నవి, సూత్రములు వ్యాకరణములో ఉన్నవి. కనుక మన పిల్లవాడు నోటుపుస్తకము తీసి, ఎడమవైపున ఇంగ్లీషు మాటను, కుడివైపున తెలుగు అర్థమును వ్రాసి, రోజునకు ఇరువది చొప్పున వల్లించును. వేరొక పుస్తకములో కాలములు పండ్రెండని చదివి, వాటి పేర్లు వరుసగా అప్పగించును. పరీక్ష ముగిసిన నెలకు ఆ ఇరువదిలో నాలుగైదు మాటలు మిగిలిన గొప్ప. పండ్రెండు కాలములలో ఏది ఎచ్చట వాడవలెనో అసలే తోచదు. ఇది పిల్లవాని మందబుద్ధి కాదు. మాటకు అర్థము వాక్యములో కలుగును, వాక్యమునకు అర్థము దాని ముందువెనుకల వాక్యములవలన కలుగును. ఆ సంబంధమును తెంచి నేర్పిన చదువు నిలువదు.

మాటలును వ్యాకరణమును కలిసి దొరకు చోటు ఒకటి కలదు. అది పది పంక్తులకు మించని చిన్న పాఠము. దానిని తొందరపడక, పలుమారులు, ఒక క్రమములో చదువుటయే ఈ ప్రసంగమున చెప్పదలచిన పద్ధతి.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. పూర్వము పంతులుగారు శతకపద్యము నేర్పునపుడు ఏమి చేసెడివారు? ముందు పద్యమును చదివించెడివారు. తరువాత పదచ్ఛేదము, పిమ్మట ప్రతిపదార్థము, ఆపైన ఏ మాట ఏ క్రియతో కలియునో చూపెడి అన్వయము, చివరకు తాత్పర్యము చెప్పించెడివారు. నాలుగు పాదముల పద్యములో మాటలును వచ్చినవి, సంధులును వచ్చినవి, విభక్తులును వచ్చినవి. అమరకోశమును వల్లింపలేదా అని అడుగవచ్చును. వల్లించినారు, కాని దానితోపాటు కావ్యమును చదివినారు. అమరములో నేర్చిన పేరు కావ్యములో పని చేయుట చూచినారు. మనము ఇంగ్లీషునకు వచ్చుసరికి అమరమువంటి పట్టికను ఉంచుకొని కావ్యమును వదలివేసితిమి.

మన భాష నేర్చుకొన వచ్చిన పరదేశికిని ఈ దారియే దొరకినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చి తెలుగు నేర్చినాడు. ఆయన నిఘంటువులు లోకప్రసిద్ధములు. కాని నిఘంటువు ఒక్కటియే చాలదని ఆయన ఎరుగును. అందుచేత 1852లో ‘తెలుగు రీడరు’ అను పుస్తకమును కూడ ప్రకటించినాడు. అందులో ఇంటి జాబులు, వ్యాపారపు ఉత్తరములు, పోలీసు, రెవెన్యూ వ్యవహారముల కాగితములు ఉన్నవి. కొత్తగా వచ్చిన దొర తన కచ్చేరిలో రేపు చూడబోవు కాగితములనే నేడు పాఠముగా చదువుకొనును.

ఇరువదవ శతాబ్దిలో ఈ విషయమును శ్రద్ధగా పరిశీలించినవాడు మైకేల్ వెస్టు. ఆయన ఢాకాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉండి, బెంగాలు పిల్లల చదువును దగ్గరగా చూచినాడు. పిల్లలలో పెక్కుమంది చదువు పూర్తి కాకయే బడి మానుచున్నారు. భీమా పాలసీని నడుమ విడిచినవానికి ఎంత దక్కునో లెక్క ఉన్నట్లే, చదువును నడుమ విడిచిన పిల్లవానికి ఎంత దక్కునో లెక్క చూడవలెనని ఆయన వాదించినాడు. దానిని భీమావారి మాటతోనే ‘సరెండర్ విలువ’ అన్నాడు. నాలుగేండ్లు సూత్రములు వల్లించి మానినవానికి దక్కునది దాదాపు సున్న. నాలుగేండ్లు చిన్న పాఠములు చదివి మానినవానికి చదువగల శక్తి మిగులును. తరువాత తనంతట తానే దానిని పెంచుకొనవచ్చును. అందుకే వెస్టు మితమైన మాటలతో, కొత్త మాటలను ఒక్కొక్కటిగా ప్రవేశపెట్టి, వాటినే మరల మరల తెచ్చెడి వాచకములను వ్రాసినాడు. ఎక్కువగా వాడుకలో ఉన్న రెండువేల మాటల పట్టికను 1953లో ప్రకటించినాడు.

ఈ లెక్క మన బెల్లంపల్లివంటి ఊరికి బాగుగా వర్తించును. 1920 దశకపు చివర ఇచ్చట బొగ్గు తీయుట మొదలైనపుడు గనికి నలుదిక్కులనుండి మనుష్యులు వచ్చి చేరినారు. ఇంటిలో తెలుగు, సర్కారు కచ్చేరిలో ఉర్దూ, యంత్రములపైనను ఇంజనీరు నోటను ఇంగ్లీషు. మూడు భాషల నడుమ బ్రతికిన కార్మికుడు బడిమెట్టు ఎక్కకయే ఎన్నో ఇంగ్లీషు మాటలు నేర్చినాడు. ‘బాయి’కి పోవువాని నోట షిఫ్టు, డ్యూటీ, మస్టరు, లాంపు, రూఫు, క్వార్టరు అను మాటలు తెలుగు మాటలవలెనే పలుకుచుండును. ఇవి పోగుపడిన మూలధనము. వీనిని వాక్యములో కూర్చెడి నేర్పు మాత్రమే తక్కువ. కనుక మొదటి పాఠము ఈ మాటలతోనే కూర్చబడిన యెడల సగము భయము పోవును. మచ్చునకు ఇట్టి పాఠము నొకదానిని తీసికొందము.

“మల్లయ్య వర్క్స్ ఇన్ ఎ కోల్ మైన్. ది మైన్ ఈజ్ నియర్ ది రైల్వే స్టేషన్. ఎస్టర్‌డే హి వర్క్‌డ్ ఆన్ ది నైట్ షిఫ్ట్. హి కేమ్ హోమ్ ఎట్ సెవెన్, టుక్ ఎ బాత్ అండ్ ఏట్ హిజ్ రైస్. హిజ్ వైఫ్ హాడ్ కుక్‌డ్ ఇట్ బిఫోర్ హి కేమ్. నౌ హి ఈజ్ స్లీపింగ్. ది చిల్డ్రన్ ఆర్ ప్లేయింగ్ అవుట్‌సైడ్, బట్ దే ఆర్ నాట్ మేకింగ్ ఎనీ నాయిస్.”

ఏడు వాక్యములు, ఏబదికి కొంచెము మించిన మాటలు. ఇందులో ఎంత వ్యాకరణము ఇమిడి ఉన్నదో చూడుడు.

మొదటి వాక్యమున ‘ఎ కోల్ మైన్’ అని ఉన్నది, రెండవదానిలో అదే గని ‘ది మైన్’ అయినది. కథ చెప్పెడి అవ్వ మొదట ‘ఒక రాజు’ అని, మరుమాటలో ‘ఆ రాజు’ అనును గదా! ఇదియు అట్టిదే. మరి రైల్వే స్టేషను మొదటిసారియే ‘ది’తో వచ్చినదేమి? ఊరిలో ఉన్నది ఒక్కటే స్టేషను. ఏది అని ఎవరును అడుగరు. ఈ చిన్న మాటల మర్మము విడి వాక్యములో ఎన్నటికిని కానరాదు. రెండు వాక్యములు ప్రక్కప్రక్కన ఉన్నపుడే తెలియును.

ఇక మాటల వరుస. ‘బొగ్గుగనిలో పనిచేస్తాడు’ అని మనము క్రియను చివర ఉంచుదుము. ఇంగ్లీషువాడు క్రియను కర్త వెంటనే చెప్పివేయును. మన ‘లో’ గని వెనుక నిలుచును. వాని ‘ఇన్’ గనికి ముందు నిలుచును. అద్దములో చూచినట్లు వరుస తారుమారైనది. ఇది తెలిసినవాడు వాక్యము చదువునపుడు క్రియకొరకు చివరదాక వెదకడు.

నాలుగవ వాక్యము మరింత ముఖ్యమైనది. తెలుగులో ‘ఇంటికి వచ్చి, స్నానం చేసి, అన్నం తిన్నాడు’ అందుము. వచ్చి, చేసి అనునవి క్త్వార్థకములు. తిన్నాడు అనునది ఒక్కటే సమాపక క్రియ. ఇంగ్లీషులో కేమ్, టుక్, ఏట్ అని మూడును సమాపకములే. చివరిదానికి ముందు ‘అండ్’ చేరినది. ‘వర్క్’ ‘వర్క్‌డ్’ అయినట్లు ‘కమ్’ ‘కమ్‌డ్’ కాలేదు, ‘కేమ్’ అయినది. ఇట్టి దారితప్పిన క్రియలను పట్టికలో వల్లించుటకంటె, మల్లయ్య ఇంటికి వచ్చి అన్నము తిన్నపుడు కలిసికొనుట మేలు.

అయిదవ వాక్యములోని ‘హాడ్ కుక్‌డ్’ను చూచి పిల్లలు జడియుదురు. తెలుగులో ‘ఆయన వచ్చేసరికి వండిపెట్టింది’ అనుట లేదా? జరిగిపోయిన రెండు పనులలో ముందరి పనిని గుర్తించుటకే ఆ ‘హాడ్’. అన్నము ముందు వండినది, మల్లయ్య తరువాత వచ్చినాడు. కథ తెలిసిన పిల్లవానికి కాలము పేరు తెలియకున్నను దాని పని తెలిసినది. అట్లే ‘వర్క్స్’ అనునది నిత్యము చేయు పని, ‘ఈజ్ స్లీపింగ్’ ఈ క్షణమున జరుగు పని. నడుమ ‘నౌ’ అను మాట కాపలా కాయుచున్నది.

‘నిద్రపోతున్నాడు’ అనగానే నిద్రించువాడు ఒక్క పురుషుడని మన క్రియయే చెప్పును. ఇంగ్లీషు క్రియకు ఆ శక్తి లేదు. అందుచేత ‘హి’ అని ప్రతిసారి చెప్పక తప్పదు. ‘ఇట్’ అనగా ఏది, ‘దే’ అనగా ఎవరు అని పిల్లవానిని అడుగుడు. సరిగా చెప్పినచో పాఠము అర్థమైనట్లే.

ఇట్టి పాఠమును ఒకనాడు చదివి మరునాడు కొత్తదానికి పోరాదు. వారమునకు ఒకటి చాలును. మొదటి దినము ఆగక చదివి, తాత్పర్యమును తెలుగులో చెప్పవలెను. రెండవ దినము తెలియని మాటలకు అర్థమును ముందు ఊహించి, పిమ్మట నిఘంటువు చూడవలెను. మాటను ఒంటరిగా వ్రాసికొనక, దాని చుట్టములతో వ్రాసికొనవలెను. ‘బాత్’ అని కాక ‘టుక్ ఎ బాత్’ అని. మూడవ దినము క్రియల క్రింద గీతలు గీసి, ప్రతి పని ఎప్పుడు జరిగినదో చెప్పవలెను. నాలుగవ దినము నిన్నటిని రేపటిగాను, మల్లయ్యను ఇద్దరు అన్నదమ్ములుగాను మార్చి పాఠము తిరుగవ్రాయవలెను. అయిదవ దినము పాఠమును తెలుగులో వ్రాసి, పుస్తకము మూసి, ఆ తెలుగును మరల ఇంగ్లీషు చేసి, మూలముతో సరిచూడవలెను. ఆరవ దినము అదే తీరులో తమ ఇంటిని గురించి అయిదు వాక్యములు వ్రాయవలెను. ఏడవ దినము పెద్దగా చదివి ఇంటివారికి వినిపింపవలెను.

వీనిలో అయిదవ దినపు పని మిక్కిలి గుణకారి. ఇంగ్లాండు రాణి మొదటి ఎలిజబెత్తునకు చదువు చెప్పిన రోజర్ ఆస్కమ్ ఈ రెండు వైపుల అనువాదమును గట్టిగా సమర్థించినాడు. 1570లో వెలువడిన ఆయన గ్రంథమున, లాటిను నేర్చు పిల్లవాడు పాఠమును ఇంగ్లీషు చేసి, కొంత వ్యవధి తరువాత దానినే మరల లాటిను చేసి మూలముతో పోల్చుకొనవలెనని చెప్పినాడు. ఇంగ్లీషువాడు తాను పరభాష నేర్చుటకు తన మాతృభాషను మెట్టుగా వాడుకొన్నాడు. మనము తెలుగును వాడుకొనుటకు సంకోచ మెందుకు?

పాఠమును ఎన్నుకొనుటలో ఒక జాగ్రత్త అవసరము. నూరు మాటలలో రెండు మొదలు అయిదు వరకు మాత్రమే తెలియనివి ఉండవలెనని ఇప్పటి పరిశోధకులు చెప్పుచున్నారు. అంతకు మించినచో చదువుట పోయి వెదకుట మిగులును. గొప్ప గ్రంథకర్తల రచనలతో ఆరంభింపనక్కరలేదు. బస్సు వేళలు, మందుసీసాపై చీటి, బ్యాంకు ఫారము, గనివద్ద అంటించిన సూచన — ఇవియు క్రమముగా పాఠములు కావచ్చును.

ఇది ఇప్పుడు మరింత అవసరమైనది. 2022–23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఒక పుట ఇంగ్లీషు, ఎదురుపుట తెలుగు ఉన్న పాఠ్యపుస్తకములు పిల్లల చేతికి వచ్చినవి. ఇంగ్లీషు రాని పిల్లవానికి ఇప్పుడు తప్పిపోవునది ఒక్క ఇంగ్లీషు పాఠము కాదు. లెక్కలును, విజ్ఞానమును కూడ. పెక్కు ఇండ్లలో ఈ చదువు చదువుచున్న మొదటి తరము ఈ పిల్లలే. ఎదురుపుటను కేవలము అర్థము చెప్పెడి పుటగా చూచినచో పిల్లవాడు తెలుగు చదివి ఇంగ్లీషును దాటవేయును; లేదా తెలుగును మరచి ఇంగ్లీషును కంఠస్థము చేయును. పైన చెప్పిన క్రమములో చదివినచో రెండు పుటలును ఒకదానికొకటి దీపము పట్టును.

ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు తమవలన ఏమగునని నిరాశపడవలదు. తల్లి తెలుగు పుటను ముందుంచుకొని, పిల్లవాడు ఇంగ్లీషు పుట చదివి చెప్పెడి తాత్పర్యము సరిపోయినదో లేదో చూడగలదు. అక్షరము రాని తల్లియైనను ‘ఎవరు వచ్చిండ్రు? ముందు ఏం జరిగింది? ఎందుకు?’ అని అడుగగలదు. ఆ మూడు ప్రశ్నలకు పిల్లవాడు తడబడినచో, నోటికి వచ్చినను పాఠము రాలేదని అర్థము. దీనిని కనిపెట్టుటకు ఇంగ్లీషు అక్కరలేదు.

రేడియో ఉన్న ఇంటికి మరొక సౌకర్యము కలదు. రేడియో ద్వారా ఇంగ్లీషు నేర్పుట బి.బి.సి. 1943లోనే ఆరంభించినది. మనకు ఆకాశవాణి వార్తలు తెలుగులోను ఇంగ్లీషులోను వినవచ్చుచున్నవి. ముందు తెలుగు వార్తలు విని, అందులో ఒక్క వార్తను గుర్తుంచుకొని, ఇంగ్లీషు వార్తలలో ఆ ఒక్కదానికొరకు చెవి యొగ్గుడు. విషయము ముందే తెలిసినందున మాటలు పట్టుబడును. మరునాడు పత్రికలో అదే వార్తను చదివినచో అది మీరు సంపాదించుకొన్న పాఠము.

పాఠము చదివినంతమాత్రమున మాటలాడుట రాదు, అందుకు మాటలాడవలసినదే. కాని నోటికి వాక్యము రావలెనన్న ముందు మనసులో వాక్యములు నిలిచి ఉండవలెను. వారమునకు ఒక్క పాఠము చొప్పున చదివినను ఏడాదికి ఏబదిరెండు పాఠములు, అయిదువందల పంక్తులు సొంతమగును. ఈ ఆదివారము మీ పిల్లల వాచకములోని చిన్న పాఠ మొకదానిని ఎన్నుకొని, సోమవారము రాత్రి భోజనములైన పిమ్మట, దాని తాత్పర్యమును తెలుగులో చెప్పుమని వారిని అడుగుడు.