వయసు మీరిన హార్మోనిస్టు ఏ కీబోర్డు కొనవలెను?

పద్యనాటకమునకు వచ్చినవారు కృష్ణుని చూతురు, అర్జునుని చూతురు. వేదిక ప్రక్కన పెట్టె ముందు కూర్చున్న మనిషిని చూచువారు అరుదు. తెల్లవారుజామున నటుని గొంతు అలసి శ్రుతి జారబోవు వేళ దానిని పట్టి నిలుపునది ఆ మనిషి వ్రేళ్ళే. కనిగిరి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో తిరునాళ్ళకు నాటకమును, ఉర్సు గంధపు రాత్రులకు ఖవ్వాలీని నమ్ముకొని బ్రతికిన ఇట్టి వాద్యకారులలో పెక్కురు నేడు అరువది దాటినవారు. నేనును వారిలో ఒకడను. మూడేండ్ల క్రిందట నా కాళ్ళ హార్మోనియమును బస్సులోనికి ఎక్కించుచుండగా నడుము పట్టినది. ఇక బరువులెత్తరాదని వైద్యుడు చెప్పినాడు. ఇంటికి వచ్చిన తరువాత ఈ కళాశాలలోనే చదువుచున్న నా మనుమడు, "తాతయ్యా, ఫోనులో చూచి కీబోర్డు తెప్పించెదను, ఏది కావలెనో చెప్పండి" అన్నాడు. నలువదేండ్లు వాయించినవాడనై యుండియు ఆ పిల్లవానికి జవాబు చెప్పలేకపోతిని. ఆ జవాబు నాకు దొరకుటకు రెండేండ్లు, ఒక కాలిపోయిన వాద్యము ఖర్చయినవి. విద్యార్థి మిత్రుల ఇండ్లలో ఇట్టి తాతలు, మేనమామలు ఉన్నచో వారికి ఆ ఖర్చు తప్పించుటకే ఈ వ్యాసము.

ముందుగా ఒక సంగతి. కీబోర్డు పరాయి వస్తువనియు, నాటకమునకు పనికిరాదనియు మా తోటివారు కొందరు అందురు. హార్మోనియము మాత్రము మనదా? 1840 దశకమున పారిస్ నగరములో దెబాన్ అనువాడు దానికి పేటెంటు పొందెను. కలకత్తాలో 1875లో ద్వార్కిన్ సంస్థను స్థాపించిన ద్వారకానాథ ఘోష్ దానిని నేలపై కూర్చుండి ఒక చేత తిత్తి నూదుచు వాయించుకొను పెట్టెగా మలచెను. 1880 దశకమున ధార్వాడ, పారసీ నాటక సమాజముల వెంట ఈ సంగీతపద్ధతి మన ఊళ్ళకు వచ్చినది. ఆ దశకముననే బందరులో నాదెళ్ళ పురుషోత్తమ కవి తెలుగు ప్రేక్షకులకై హిందుస్తానీ భాషలో నాటకములు వ్రాసెను. 1885లో కడప సీమయందు సురభి సమాజము పుట్టెను. ఉర్దూ, తెలుగు రెండును వినబడు మన కళాశాల ప్రాంగణమునకు ఆ పాత రంగస్థలము చాల దగ్గరి చుట్టము. ఆకాశవాణి 1940లో హార్మోనియమును వెలివేసి 1971 వరకు దాపునకు రానీయలేదు. అది గమకమును పలికించలేదనుట అభియోగము. ఆ అభియోగములో నిజము లేకపోలేదు. అయినను ఊరి వేదిక దానిని విడువలేదు. నేడు కీబోర్డుపై మోపు నేరములన్నియు నిన్న హార్మోనియముపై మోపినవే.

ఇక కొనుగోలు సంగతి. యువకుడు అంగడికి పోయి మొట్టమొదట "ఎన్ని టోనులున్నవి?" అని అడుగును. వయసు మీరినవాడు అడుగవలసినది "ఎన్ని కిలోలున్నది?" అని. కనిగిరి ప్రాంతపు బోరునీటిలోని ఫ్లోరైడు మన ఎముకలకు చేసిన కీడు ఎవరికిని క్రొత్తగా చెప్పనక్కరలేదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రమాణము. అంతకు మించిన నీరు ఏండ్ల తరబడి త్రాగినవారికి మెడ, వెన్ను, మోకాళ్ళు బిగుసుకొనిపోవును. అట్టి దేహముతో పాదముల తిత్తిని రాత్రి యంతయు త్రొక్కుట ఎట్లు సాధ్యము? కాసియో వారు 2019లో తెచ్చిన సి.టి.-ఎస్. 200, 300 రకముల బరువు 3.3 కిలోలు. యమహా వారి పి.ఎస్.ఆర్.-ఎఫ్. 52 కూడ ఇంచుమించు అంతే. రెండింటికిని 61 మెట్లు కలవు. సంచిలో పెట్టి భుజమునకు తగిలించుకొని పామూరు బస్సు ఎక్కవచ్చును. ఇంకను తేలికగా ఉన్నవని చిన్న మెట్ల వాద్యములను కొనరాదు; అవి పిల్లల కొరకు చేసినవి. ఒక స్థాయి వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు ఉన్నచో అది పెద్దల మెట్టు. అంగడికి కొలబద్ద తీసికొనిపోవుటలో సిగ్గుపడవలసినది లేదు.

టచ్ అను గుణమును గూర్చి అంగడివారు చాల గొప్పగా చెప్పుదురు. మెట్టు క్రింద రబ్బరు బుడిపెలో రెండు స్పర్శస్థానములు ఉండును. మొదటిది తగిలిన పిదప రెండవది తగులుటకు ఎంత కాలము పట్టినదో యంత్రము లెక్కించి, వేగముగా నొక్కిన పెద్దగాను, మెల్లగా నొక్కిన చిన్నగాను పలికించును. పియానోకు ఇది ప్రాణము. కాని మన హార్మోనియములో మెట్టును ఎట్లు నొక్కినను ఒకటే. నాదము హెచ్చుట, తగ్గుట తిత్తిలోని గాలివలన జరుగును. కావున పద్యములకు, ఖవ్వాలీకి హార్మోనియము ధ్వని మాత్రమే వాడువానికి టచ్ లేని వాద్యము చాలును. ఉన్నచో దానిని ఆపివేసి వాయించుట మేలు. లేనిచో నిదుర మత్తులో ఒక వ్రేలు గట్టిగా పడినపుడు ఆ స్వరము మాత్రము అరచినట్లు వినబడును. నేను మొదట ఈ సంగతి తెలియక టచ్ కొరకు అదనముగా డబ్బు పెట్టితిని. పెండ్లిండ్లలో సినిమా పాటలు వాయించువారికి మాత్రము అది కావలసినదే. పై రకములలో 200కు టచ్ లేదు, 300కు కలదు.

తిత్తి పని ఇప్పుడు ఎవరు చేయవలెను? కాళ్ళ పెట్టె వాయించినవారికి రెండు చేతులును ఖాళీ, ఊపిరి కాళ్ళది. కీబోర్డుపై ఆ ఊపిరి లేదు. నొక్కినంత సేపు ఒకే మట్టమున మ్రోగును. నటుడు పద్యాంతమున రాగము తీయునపుడు నేను ఎడమ చేతిని ధ్వని హెచ్చించు మీటపై ఉంచి మెల్లగా పెంచి తగ్గింతును. నెల దినములు సాధన చేసిన గాని చేయి వినలేదు.

అయినను నన్ను కీబోర్డునకు దాసుని చేసినది వేరొకటి: శ్రుతి మార్చు మీట. మన నాటకములో ఒక్కొక్క నటునికి ఒక్కొక్క శ్రుతి. రాయబారమున కృష్ణుడు ఐదున్నర అనును, దుర్యోధనుడు నాలుగు అనును. సత్యభామ పాత్రధారిణి వచ్చి ఆరున్నర అడుగును. పాత పెట్టెపై శ్రుతి మారినప్పుడెల్ల వ్రేళ్ళు నల్ల మెట్ల నడుమ క్రొత్త దారి వెదుకుకొనవలెను. యౌవనమున అది విద్య. కీళ్ళు వాచిన వయసున అది శిక్ష. కీబోర్డులో ట్రాన్స్‌పోజు అను సంఖ్యను మార్చినచో మనము ఎప్పటివలె ఒకటి శ్రుతిలోని తెల్ల మెట్లపైననే వాయింపవచ్చును, ధ్వని మాత్రము కోరిన శ్రుతిలో వచ్చును. లెక్క సులభము: ఒకటి శ్రుతి సున్న అయినచో నాలుగు శ్రుతి 5, ఐదు శ్రుతి 7, ఐదున్నర 8, ఆరున్నర 10. ధ్వని మరీ పైకి పోయినదనిపించినచో అందులో నుండి 12 తీసివేసి 8కి బదులు ఋణ 4 పెట్టుకొనవచ్చును. ఈ సంఖ్యలను పెద్ద అక్షరములతో అట్టముక్కపై వ్రాసి వాద్యముపై అంటించుకొంటిని. కన్ను మసకబారినవానికి ఇది కంఠపాఠము కంటె నమ్మదగినది. మా గురువుగారు చూచినచో చెవి మెలిపెట్టి యుండెడివారు. ఆయనకు అరువది యేండ్ల వయసున వ్రేళ్ళు ఎట్లుండెనో నేను ఎన్నడును అడుగలేదు.

ఇచ్చట ఒక ప్రమాదము పొంచి యున్నది. పెక్కు వాద్యములు సుమారు అర గంట సేపు వాయింపనిచో తమంతట తామే ఆగిపోవును. నాటకములో సుదీర్ఘ సంభాషణల ఘట్టములు ఉండనే యున్నవి! ఆగిన వాద్యమును మరల వెలిగించినపుడు శ్రుతి సంఖ్య సున్నకు పోయి యుండును. నటుడు ఐదున్నరలో ఎత్తుకొనగా పెట్టె ఒకటిలో పలికిన ఎట్లుండునో ఊహించుకొనుడు. ఈ గుణమును ఆపివేయు విధానము వాద్యముతో వచ్చు చిన్న పుస్తకములో ఉండును. దానిని చదివి చెప్పుట మనుమల పని.

విద్యుత్తు విషయమున నేను కాల్చుకొన్న చేతులను చూచి మీరు జాగ్రత్త పడవలెను. నా మొదటి వాద్యము పాతది, అడాప్టరు పోయినది. ఒక అంగడిలో "సరిపోవును" అని ఇచ్చినదానిని నాటకపు రాత్రి తగిలించితిని. ఒక్క క్షణము వెలిగి ఆరిపోయినది. తరువాత తెలిసినది: పాత కాసియో వాద్యములు కొన్ని 9 వోల్టులవి, వాటి మొన నడుమ ఋణధ్రువము, క్రొత్త వాటికి 9.5 వోల్టులు, నడుమ ధనధ్రువము. యమహాలో 12 వోల్టులవి పెక్కు కలవు. మొన ఒక్కొక్కప్పుడు దూరవచ్చును. దూరినంత మాత్రమున సరిపోయినట్లు కాదు. వాద్యము వెనుక ముద్రించిన వోల్టు అంకెను, ధ్రువపు గుర్తును సరిచూడనిదే తగిలించరాదు. ఆ రాత్రి ఎవరి ఇంటనో మూలబడి యున్న చేతి హార్మోనియమును తెచ్చి తెల్లవార్లు వాయించితిమి. ఆ ఊరివారి మేలు మరువరానిది.

పైన చెప్పిన చిన్న వాద్యములు ఆరు సన్న బ్యాటరీలతో కూడ పనిచేయును. కరెంటు పోయినను స్వరము ఆగదు. కొనునపుడు ఆల్కలైన్ రకమునే కొనవలెను. మరల మరల చార్జి చేసికొనునవి ఒక్కొక్కటి 1.2 వోల్టులే గనుక ఆరింటికి 7.2 మాత్రమే అగును. వాద్యముతో వచ్చిన పుస్తకము అంగీకరించిననే వాడవలెను.

ధ్వని పెట్టెల సంగతి మరింత జాగ్రత్తగా వినుడు. వేల వాట్లని అట్టపై అచ్చువేసినదానిని నమ్మరాదు. శక్తిని రెండింతలు చేసినను ధ్వని 3 డెసిబెల్లే పెరుగును; చెవికి రెండింతలుగా తోచుటకు సుమారు పదింతల శక్తి కావలెను. చిన్న కీబోర్డు సొంత స్పీకర్లు రెండేసి వాట్లవి, ఇంటికే చాలును. వేదికపై మైకు సెట్టువాని యంత్రమునకు కలుపవలసినదే. ఆ తీగను హెడ్‌ఫోను రంధ్రమున గుచ్చగానే వాద్యపు సొంత స్పీకర్లు మూగబోవును, వాయించువానికే తన వాద్యము వినబడదు. మొదటి రాత్రి నేను బిత్తరపోతిని. తనవైపు తిరిగిన చిన్న స్పీకరు ఒకటి కావలెనని ముందుగానే అడిగి పెట్టించుకొనవలెను. రోలాండ్ ఎక్స్.పి.ఎస్. 10 వంటి వాద్యములకు సొంత స్పీకర్లే లేవు. పెద్ద బృందములకు అవి మేలైనవే కాని, ఒంటరిగా పోవు ముసలివానికి భారము.

అసలు నష్టము చెవికి. 85 డెసిబెల్ ధ్వనిని దినమునకు 8 గంటలు భరింపవచ్చునని నిపుణుల లెక్క. ప్రతి 3 డెసిబెల్లకు ఆ కాలము సగమగును: 88కి 4 గంటలు, 91కి 2, 100కు పావుగంట. మన నాటకము రాత్రి పదింటికి మొదలై కోడికూతకు ముగియును, స్పీకరు స్తంభము హార్మోనిస్టు చెవి ప్రక్కననే ఉండును! వయసుతో పోవునది మొదట సన్నని ధ్వనులే గనుక వానిని వినుటకై ముసలివాడు మీటలు పెంచును, జనము చెవులు మూసికొందురు. స్తంభము నుండి రెండింతల దూరము జరిగినచో ఆరుబయట 6 డెసిబెల్లు తగ్గును. కాలము నాలుగింతలు కలిసివచ్చును. చెవిలో పెట్టుకొను నురుగు బిరడాలు స్వల్పమైన వెలకే దొరకును. ధ్వని హెచ్చుతగ్గులు నిర్ణయించుటకు జనము నడుమ కుర్రవానిని ఒకనిని నిలబెట్టి వాని సైగను నమ్ముట నా పద్ధతి.

టోనుల సంఖ్యను గూర్చి ఒక మాటతో సరిపెట్టెదను. నాలుగు వందలున్నను నాటకమున వాడునవి నాలుగైదు. కాసియో సి.టి.-ఎక్స్. 870 ఐ.ఎన్., యమహా పి.ఎస్.ఆర్.-ఐ 500 వంటివి మన దేశపు వాద్యధ్వనులను, తాళములను చేర్చి మన కొరకు చేసినవి. చేతిలో సొమ్మున్నచో మంచివే. హార్మోనియము ధ్వనిని మాత్రము అంగడిలో కన్నులు మూసికొని, రెండు నిముషములు ఒకే స్వరము పట్టి వినవలెను.

సెకండ్ హ్యాండు వాద్యము కొనుటలో తప్పు లేదు, వెల సగముదాక తగ్గును. అరువదియొక్క మెట్లను ఒక్కొక్కటిగా మెల్లగాను, గట్టిగాను నొక్కి చూడవలెను. మన ఎఱ్ఱ దుమ్ము రబ్బరు బుడిపెల క్రింద చేరినచో కొన్ని మెట్లు మూగబోవును, కొన్ని ఉలికిపడి అరచును. విప్పి శుభ్రపరచిన బాగుపడునవే గనుక ఆ వంకతో వెల తగ్గించుకొనవచ్చును. తెర చీలినదానిని, అసలు అడాప్టరు లేనిదానిని వదలుట మేలు.

నేను చివరకు కొన్నది టచ్ లేని చిన్న వాద్యమే. పద్యమునకు అది చాలుచున్నది. కాళ్ళ హార్మోనియమును అమ్మలేదు. వారమునకొకసారి మనుమడు త్రొక్కగా నేను వాయింతును, లేనిచో తిత్తి తోలు ఎండి పగులును.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. వార్షికోత్సవమునకు బాడుగకు తెచ్చు వాద్యమునకు బదులు ఇట్టిది ఒకటి కొని, అడాప్టరును దానికే దారముతో కట్టి, వోల్టు అంకెను పెద్దగా వ్రాసి ఉంచినచో, మిగిలిన దినములలో ఊరి నాటకమునకో ఖవ్వాలీకో పోవు వృద్ధ వాద్యకారునికి రాత్రికొక సంతకముపై ఎరువు ఇయ్యవచ్చును. మోసికొని పోవుటకు ఒక విద్యార్థిని తోడు పంపిన మరియు మంచిది. శ్రుతి సంఖ్యలు వానికి బస్సులోనే నేర్పెదము.