ఏ చిట్టెలుకకు షుగర్ తగ్గింది?

చిట్టెలుకల్లో షుగర్ వ్యాధి పూర్తిగా నయమైందన్న వార్తలు పత్రికల్లో తరచూ వస్తుంటాయి. ఆ కత్తిరింపు పట్టుకుని, లేదా ఫోనులో వచ్చిన వీడియో చూపించి, ఆ మందు తెప్పించుకోవడానికి సాయం చేయమని అడిగే కుటుంబాలున్నాయి. దీనికి డబ్బు ఇవ్వవచ్చా అని దాతలూ మమ్మల్ని అడుగుతుంటారు. మీ సొమ్ముకు లెక్క చెప్పవలసిన వాళ్లం కనుక, ఆ వార్తల్లో సాధారణంగా కనబడని ఒక సంగతిని ఇక్కడ వివరిస్తున్నాం. ఆ చిట్టెలుక ఏ వంశానిది అన్నదే ఆ సంగతి.

ప్రయోగశాలలో వాడే చిట్టెలుకలు చాలావరకు మన వంటింట్లో తిరిగేవాటి వంటివి కావు. ఒకే ఈతలో పుట్టిన ఆడ, మగలను జతకట్టిస్తారు. వాటి పిల్లల్లోనూ తోబుట్టువులనే జతకట్టిస్తారు. ఇలా వరుసగా 20 తరాలు నడిపితే దాన్ని ఇన్‌బ్రెడ్ వంశం అంటారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యు ప్రతులు అప్పటికి నూటికి 98కి పైగా చోట్ల ఒకేలా అయిపోతాయి. ఆ వంశంలో ఏ రెండు చిట్టెలుకలను తీసుకున్నా ఒకే పోలికతో పుట్టిన కవలల లెక్క. మన కుటుంబాల్లో దగ్గరి సంబంధాలు చేసుకునేవారికి ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల బిడ్డలు పెళ్లాడితే వారి సంతానంలో ఈ లెక్క సగటున 16వ వంతు, అంటే 6.25 శాతం. ఆ సంబంధాల వల్ల కొన్ని జన్యు వ్యాధుల ముప్పు పెరుగుతుందన్నది నిజమే గాని, దానికి వేరే వ్యాసం కావాలి.

కవలల వంటివి ఎందుకు కావాలంటే, మందు ఇచ్చిన గుంపుకీ ఇవ్వని గుంపుకీ కనబడిన తేడా మందు వల్లనే వచ్చిందని చెప్పగలగాలి గనుక. ఈ పనికి 1909లో అమెరికాలో క్లారెన్స్ కుక్ లిటిల్ శ్రీకారం చుట్టాడు. అప్పటికి ఆయన హార్వర్డ్‌లో విద్యార్థి. ఆయన మొదటి వంశం పేరు డిబిఎ. తరువాత 1921లో నల్లటి సి57 వంశం మొదలైంది. మసాచుసెట్స్‌లో అబ్బీ లాత్రాప్ అనే మాజీ పంతులమ్మ ముచ్చటకు పెంచుకునే చిట్టెలుకలు అమ్మేది. ఈ వంశపు మూలం ఆమె దొడ్డిలోనిదే. 2002లో చిట్టెలుక జన్యు పటం వెలువడినప్పుడు అది ఈ నల్ల వంశానిదే.

వంశాల మధ్య తేడాలు ఒంటి రంగుతో ఆగవు. మూడు వారాల వయసులో ఉన్న డిబిఎ పిల్లల దగ్గర గట్టిగా గంట మోగిస్తే మూర్ఛ వచ్చి పడిపోతాయి. నల్లవాటికి సాధారణంగా అలా జరగదు, కానీ వయసు మీదపడితే చెవుడు వస్తుంది. సి3హెచ్ అనే వంశంలో పుట్టిన కొద్ది వారాలకే కంటి లోపలి పొర దెబ్బతింటుంది. చూపుతో దారి గుర్తుపట్టే పరీక్ష పెడితే అది తెలివితక్కువదని తేలుతుంది. పాపం, దానికి కళ్లే కనబడవు! మంచినీళ్లు, సారాయి కలిపిన నీళ్లు పక్కపక్కన పెడితే నల్లది సారాయి వైపే వెళుతుంది, డిబిఎ దాదాపు ముట్టదు. ఈ ఒక్క విషయంలో మేము డిబిఎ పక్షం.

ఇక షుగర్ సంగతి. 1966లో అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీ వారు ఒక జన్యుదోషాన్ని గుర్తించారు. అది రెండు ప్రతుల్లోనూ ఉన్న చిట్టెలుక ఎంత తిన్నా ఆకలి తీరక విపరీతంగా లావెక్కి, షుగర్ తెచ్చుకుంటుంది. డగ్లస్ కోల్‌మన్, ఆయన సహచరులు 1970ల ఆరంభంలో ఆ దోషాన్నే రెండు నల్ల వంశాల్లో పోల్చి చూశారు. బిఎల్‌కెఎస్ వంశంలో క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు కుప్పకూలాయి. రక్తంలో చక్కెర అదుపు తప్పింది, చిట్టెలుకలు నెలల్లోనే చనిపోయాయి. బ్లాక్-6 వంశంలోనూ లావు అంతే వచ్చింది. కానీ క్లోమంలోని ఆ కణాలు పెరిగి పెద్దవై, అవసరానికి తగ్గ ఇన్సులిన్ అందించాయి. మొదట పెరిగిన చక్కెర కొన్నాళ్లకు దాదాపు మామూలు స్థాయికి దిగింది. దోషం ఒకటే, తిండి తీరు ఒకటే. ఒకదాని ప్రాణం పోయింది, ఇంకొకటి తట్టుకుంది. చుట్టూ ఉన్న మిగతా జన్యువులే ఆ తేడా తెచ్చాయి.

కొత్త మందును రెండో వంశానికి ఇచ్చి, కొన్నాళ్లకు చక్కెర తగ్గిందని రాస్తే? ఆ గొప్ప మందుదో చిట్టెలుకదో తేల్చాలంటే మందు ఇవ్వని తోటి చిట్టెలుకలను కూడా చూడాలి. బ్లాక్-6 అని పేరు రాసినా సరిపోదు. జాక్సన్‌లో పెరిగిన శాఖలో ఎన్ఎన్‌టి అనే జన్యువులో ఒక ముక్క రాలిపోయి, ఇన్సులిన్ విడుదల మందగించింది. 1951లో అక్కడి నుంచి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు వెళ్లిన శాఖలో ఆ జన్యువు చెక్కుచెదరలేదు. పేరొకటే, చక్కెర లెక్కలు వేరు.

పిల్లలకు వచ్చే టైప్-1 షుగర్‌కు నమూనా ఎన్ఓడి అనే జపాన్ వంశం. దాని గురించి 1980లో ప్రకటించారు. వీటిలో రోగనిరోధక శక్తి సొంత క్లోమం మీదికే తిరగబడుతుంది, ఆడవాటిలో ఎక్కువగా. ఈ చిట్టెలుకల్లో షుగర్‌ను ఆపిన చికిత్సలు చాలా ఉన్నాయి. మనిషి దాకా వచ్చినవి చాలా తక్కువ. 1994లో ఒక రకం యాంటీబాడీ అప్పుడే షుగర్ మొదలైన ఎన్ఓడి చిట్టెలుకల్లో జబ్బును వెనక్కి మళ్లించింది. అదే దారిలో తయారైన టెప్లిజుమాబ్‌కు అమెరికాలో 2022లో అనుమతి దొరికింది. ఇన్నేళ్ల తరువాత మనిషిలో అది చేసేదేమిటంటే, ముప్పు బాగా ఉన్నవారిలో జబ్బు రావడాన్ని సుమారు రెండేళ్లు వాయిదా వేయడం. వచ్చిన జబ్బును మాన్పడం కాదు. ఆ రెండేళ్లు ఒక పసిబిడ్డకు చిన్న విషయం కాదని మేమూ అంటాం.

కాబట్టి పత్రిక కత్తిరింపుతో దరఖాస్తు వచ్చినప్పుడు మేము అడిగేవి ఇవే: మందును మనుషుల మీద పరీక్షించారా, ఎంతమంది మీద, మన ఆస్పత్రి వైద్యుడు చీటీ రాశారా. ఈలోగా ఆ ఇంట్లో ఇన్సులిన్ ఆగిందేమో కనుక్కుంటాం. టైప్-1 బిడ్డకు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఇన్సులిన్ సీసాలకు, సిరంజిలకు, చక్కెర చూసుకునే స్ట్రిప్పులకు వచ్చిన దరఖాస్తులను ముందు తీసుకుంటున్నాం.