అమ్రాబాద్‌లో ‘రిజర్వ్’ ముందు మనుషులకే.. తర్వాతే పులులకు! నల్లమల చెంచుల కథ ఏంటి? జనాభా ఎంత?

మలక్‌పేట, చంపాపేట వైపు నుంచి తుక్కుగూడ మీదుగా శ్రీశైలం కారులో వెళ్లినవాళ్లకు మన్ననూర్ చెక్‌పోస్ట్ గుర్తుండే ఉంటుంది. రాత్రి 9 దాటితే గేటు పడుతుంది, మళ్లీ ఉదయం 6కే తీస్తారు. కారణం అడిగితే అందరూ చెప్పేది ఒకటే.. ‘ఇది పులుల అడవి’. నిజమే. కానీ ఈ అడవిని మొదట ‘రిజర్వ్’ చేసింది పులుల కోసం కాదు, చెంచుల కోసం. అదీ నిజాం కాలంలో!

కెనడాలో ఇన్ను లాంటి ఆదివాసీ తెగలకు ప్రత్యేకంగా రిజర్వ్‌లు ఉంటాయని చాలామంది వినే ఉంటారు. హైదరాబాద్‌కు మూడు, నాలుగు గంటల దూరంలో మనకూ అలాంటిదే ఒకటి ఉండేదన్న సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు.

ఈ కథలో కీలక వ్యక్తి ఒక ఆస్ట్రియన్. పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన ఇండియాలో ఉన్నారు. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంటే బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు! జైల్లో పెట్టే బదులు హైదరాబాద్ సంస్థానం దాటకూడదని ఆంక్ష పెట్టారు. అదే చెంచులకు కలిసొచ్చింది. 1940లో భార్య బెట్టీతో కలిసి ఆయన అమ్రాబాద్ పీఠభూమి ఎక్కి చెంచు పెంటల్లో మకాం వేశారు. 1943లో ‘ది చెంచూస్’ పుస్తకం వచ్చింది.

అప్పటికి అడవిలో చెంచుల బతుకు ఎలా ఉండేది? వేట, తేనె, గడ్డలు. గడ్డలు తవ్వే కర్ర, విల్లు, బాణం.. ఆస్తి అంటే దాదాపు అంతే. నాలుగైదు గుడిసెలు ఒకచోట ఉంటే అదే ‘పెంట’. ఒక్కో పెంటకు అడవిలో తనదైన హద్దు ఉంటుంది. ఆ హద్దులోని తేనె, గడ్డలు ఆ పెంటవాళ్లవే. నిమ్మల, ఉడతల, మండ్లి, కాట్రాజు లాంటి ఇంటిపేర్లు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. ఒకే ఇంటిపేరువాళ్లు పెళ్లి చేసుకోరు. మాట్లాడేది తెలుగే, కాకపోతే యాస వేరు. ఇక శ్రీశైలం మల్లన్న వాళ్లకు దేవుడే కాదు, ఇంటల్లుడు కూడా.. ‘చెంచు మల్లయ్య’ అంటారు. శివరాత్రికి భౌరాపూర్ పెంటలో మల్లన్న కల్యాణం ఇప్పటికీ వాళ్లే చేస్తారు.

కృష్ణా నదికి అవతల, బ్రిటిష్ పాలనలోని కర్నూలు వైపు మాత్రం సీన్ వేరు. అక్కడ చెంచులపై క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ప్రయోగించారు. ఒక ఒడ్డున చెంచులకు నేరస్థుల ముద్ర పడితే, ఇవతలి ఒడ్డున నిజాం సర్కార్ హైమండార్ఫ్ సిఫార్సు మీద సుమారు లక్ష ఎకరాలను ‘చెంచు రిజర్వ్’గా కేటాయించింది. మనిషి అదే, అడవి అదే.. నది ఒక్కటే అడ్డం!

ఆ రిజర్వ్ ఎక్కువ కాలం నిలవలేదు. సంస్థానం పోయింది, రాష్ట్రాలు మారాయి. 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అడవులు అభయారణ్యం అయ్యాయి. 1983లో ప్రాజెక్ట్ టైగర్ వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌గా మారింది. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో 2,166 కోర్ ఏరియానే. అప్పాపూర్, భౌరాపూర్, మేడిమల్కల్, సంగిడిగుండాల వంటి పెంటలు ఉన్నది ఈ అడవిలోనే.

మరి చెంచులు అంతరించిపోతున్నారా? సోషల్ మీడియాలో తరచూ కనిపించే మాట ఇది. సెన్సస్ లెక్క మాత్రం అలా లేదు. ఉమ్మడి ఏపీలో 2001లో చెంచులు 49,232 మంది. 2011కి 64,227. అంటే పదేళ్లలో సుమారు 30 శాతం పెరిగారు. ఇందులో తెలంగాణ వాటా దాదాపు 17 వేలు. అయితే ఇక్కడో మెలిక ఉంది. ఈ లెక్కలో మైదాన గ్రామాల్లో కూలి, వ్యవసాయం చేసుకునేవాళ్లూ ఉన్నారు. లోతట్టు అడవిలో తేనె, బంక, గడ్డలపై ఆధారపడి బతికేవాళ్లు అందులో కొద్దిమందే. తెగ తగ్గడం లేదు, పెంట బతుకు తగ్గుతోంది. రెండూ ఒకటి కాదు.

ఇప్పుడు అసలు గొడవ తరలింపు. కోర్ ఏరియా ఖాళీ చేసే కుటుంబానికి ఇచ్చే ప్యాకేజీని 2021లో రూ.10 లక్షల నుంచి రూ.15 లక్షలకు పెంచారు. డబ్బు వద్దంటే భూమి, ఇల్లు ఇచ్చే పద్ధతీ ఉంది. సార్లపల్లి, కుడిచింతలబైలు పేర్లు మొదటి విడత ప్రతిపాదనల్లో వినిపించాయి. వెళ్లాలా వద్దా అన్నదానిపై పెంటల్లో ఒకే మాట లేదు. స్కూలు, ఆస్పత్రి, కరెంటు కావాలనే కుర్రాళ్లు ఉన్నారు. అడవి దాటితే రూ.15 లక్షలు ఎన్నాళ్లొస్తాయనే పెద్దలూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

చట్టం మాత్రం క్లియర్‌గానే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఎవర్నీ కదిలించకూడదు. పైగా చెంచుల లాంటి ఆదిమ తెగలకు విడివిడి పట్టాలే కాదు, తాము తిరిగే మొత్తం ఆవాసంపై సామూహిక హక్కు అడిగే అవకాశం అదే చట్టంలో ఉంది. పెంట హద్దులు అని చెంచులు ఎప్పటినుంచో అంటున్నది దాదాపు దీన్నే.

2019లో ఇదే అడవిలో యురేనియం తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడు పెద్ద ఆందోళన జరిగింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. తరలింపు విషయంలో మాత్రం నిర్ణయం అసెంబ్లీలో కాదు, ఒక్కో పెంటలో ఒక్కో గ్రామసభ చెట్టు కింద కూర్చుని తీసుకోవాల్సిందే.